మోడల్ టీ డైనమో పది ఆంపియర్ల దగ్గరే ఎందుకు ఆగింది

కాలిపోయిన పాత కారు డైనమోని (ఇంజిన్ తిప్పితే కరెంటు పుట్టించే జనరేటర్ని) విప్పితే ముందు ముక్కుకి తగిలేది మాడిన వార్నిష్ వాసన. తర్వాత కంటపడేది బాడీ లోపలి గోడకి చుట్టూతా అతుక్కుపోయిన టంకం చినుకుల వరస. ఆర్మేచర్ అంటే లోపల తిరిగే తీగచుట్టల భాగం, కమ్యుటేటర్ అంటే దాని చివర కరెంటుని బయటికి అందించే రాగి పలకల వరస. ఆ పలకలకీ తీగలకీ మధ్య అతుకు వేసిన టంకమే అది. తగరం, సీసం కలిపిన టంకం 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలుపెడుతుంది. నిమిషానికి రెండు వేల చుట్లు తిరిగే ఆర్మేచర్ మీద అది కరిగితే ఇంకేముంది, తడి గుడ్డ గిరగిరా తిప్పినట్టు బయటికి చిమ్మి గోడ మీద గడ్డకడుతుంది. అతుకు ఊడిన చోట నిప్పురవ్వలు లేస్తాయి, పలకలు మాడతాయి, డైనమో పని అయిపోతుంది. దీనికి చాలాసార్లు కారణం ఒక్కటే: "ఛార్జింగ్ సరిపోవట్లేదు" అని ఎవరో లోపలి మూడో బ్రష్‌ని (కమ్యుటేటర్‌కి రాసుకుంటూ కరెంటు అందుకునే ముక్కని) కాస్త ముందుకి జరపడం.

ఆ 'కాస్త జరపడం' ఎందుకు అంత ప్రమాదమో అర్థమైతే మొదటితరం కారు డైనమోల కథ దాదాపుగా అర్థమైనట్టే. వాటికి అడ్డుపడింది అయస్కాంతం బలం కాదు, ఇంజిన్ బలం అసలే కాదు. ఇరవై గుర్రాల ఇంజిన్ ఉన్న కారులో వంద వాట్లు లెక్కలోకే రాదు. అడ్డుపడింది వేడి. లోపల పుట్టిన వేడిని బయటికి పంపే దారి లేకపోవడం వల్లే అవి పది పన్నెండు ఆంపియర్ల దగ్గర ఆగిపోయాయి.

కార్లలో కరెంటు అవసరం పెరిగింది సెల్ఫ్ స్టార్టర్ వచ్చాకే. చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన స్టార్టర్, లైట్లు, ఇగ్నిషన్ కలిసిన ఏర్పాటు 1912 కాడిలాక్‌లో వచ్చింది. అంతకుముందు హెడ్‌లైట్లంటే ఎక్కువగా ఎసిటిలీన్ గ్యాస్ దీపాలు, ఇంజిన్ స్టార్ట్ చేయాలంటే హ్యాండిల్ తిప్పడం. ఐరోపాలో బాష్ కంపెనీ 1913లో డైనమో, రెగ్యులేటర్, హెడ్‌లైట్లు కలిపి ఒక సెట్టుగా అమ్మడం మొదలుపెట్టింది. ఫోర్డ్ మాత్రం చివరిదాకా బిగబట్టి 1919లో గానీ తన మోడల్ టీ కారుకి స్టార్టర్, జనరేటర్ పెట్టలేదు. ఇక్కడ ప్రధానంగా చూసేది ఆ మోడల్ టీ డైనమోనే, ఎందుకంటే అప్పటి ఇబ్బందులన్నీ ఆ ఒక్క ఇనుప డబ్బాలో కనిపిస్తాయి.

మొదటి ఇబ్బంది వేగం. డైనమో ఇచ్చే వోల్టేజి రెండింటి మీద ఆధారపడుతుంది: ఆర్మేచర్ ఎంత వేగంగా తిరుగుతోంది, చుట్టూ ఫీల్డ్ (అయస్కాంత క్షేత్రం) ఎంత బలంగా ఉంది. పవర్ హౌస్‌లో యంత్రం ఒకే వేగంతో తిరుగుతుంది కాబట్టి గొడవ లేదు. కారు ఇంజిన్ అలా కాదు, సిగ్నల్ దగ్గర గునుస్తూ ఉంటుంది, రోడ్డెక్కితే దానికి ఐదారు రెట్లు వేగం. ఫీల్డ్‌ని అలాగే వదిలేస్తే వోల్టేజి కూడా ఐదారు రెట్లు పెరగాలి, బల్బులు టపటపా పేలిపోవాలి. కాబట్టి వేగం పెరిగేకొద్దీ ఫీల్డ్‌ని బలహీనపరిచే ఏర్పాటు కావాలి, అదీ చవగ్గా, ఎగుడుదిగుడు రోడ్ల మీద చెడిపోకుండా.

దానికి దొరికిన జవాబే మూడో బ్రష్. మామూలుగా కమ్యుటేటర్ మీద రెండు బ్రష్‌లు ఉంటాయి, కరెంటు వాటి నుంచి బయటికి పోతుంది. వాటి మధ్యలో ఇంకో చిన్న బ్రష్ పెట్టి, ఫీల్డ్ కాయిల్‌కి (ఆ అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించే తీగచుట్టకి) కరెంటు దాని నుంచి ఇస్తారు. ఆర్మేచర్‌లో కరెంటు పెరిగేకొద్దీ ఆర్మేచరే ఒక అయస్కాంతంలా మారి, అసలు ఫీల్డ్‌ని తిరిగే దిక్కుకి లాగి వంకర చేస్తుంది. అలా వంకరైనప్పుడు మూడో బ్రష్ ఉన్న వైపు బలం తగ్గుతుంది, ఫీల్డ్‌కి అందే వోల్టేజి తగ్గుతుంది, మొత్తం ఉత్పత్తి తనంతట తనే అదుపులోకి వస్తుంది. కదిలే భాగం లేదు, స్ప్రింగు కాంటాక్టులు లేవు, చాలా తెలివైన పనే. బ్రష్‌ని తిరిగే దిక్కుకి జరిపితే ఉత్పత్తి పెరుగుతుంది, వెనక్కి జరిపితే తగ్గుతుంది.

కానీ ఈ తెలివికి ఒక పెద్ద వెర్రి కూడా అంటుకుని ఉంది. మూడో బ్రష్ డైనమో కరెంటుని అదుపు చేస్తుంది తప్ప వోల్టేజిని కాదు. బ్యాటరీ నిండిపోతే దాని వోల్టేజి పెరుగుతుంది, దాంతో ఫీల్డ్‌కి ఇంకాస్త ఎక్కువ అందుతుంది, ఛార్జింగ్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. బ్యాటరీ బాగా డౌన్ అయి ఉంటే దీనికి తిరగబడి తక్కువ ఇస్తుంది. పంక్తిలో ఆకలితో ఉన్నవాడి విస్తట్లో ఒక్క గరిటె వేసి, కడుపు నిండి చేతులడ్డం పెడుతున్నవాడికి మళ్లీ మళ్లీ వడ్డించే మనిషి లాంటిది ఇది. అందుకే అప్పటి అమెరికాలో ఎండాకాలం దూరప్రయాణాలకి ముందు బ్రష్ వెనక్కి జరపమనీ, చలికాలంలో మళ్లీ ముందుకి జరపమనీ చెప్పేవాళ్లు. అది కూడా కుదరకపోతే పట్టపగలు హెడ్‌లైట్లు వేసుకుని నడపడమే, బ్యాటరీ నీళ్లు మరిగిపోకుండా ఎక్కువైన కరెంటుని ఎక్కడో ఒకచోట ఖర్చు పెట్టాలి కదా.

బ్యాటరీ తీగ ఊడిపోతే పరిస్థితి ఇంకా ఘోరం. ఈ డైనమోకి వోల్టేజి పైకి పోకుండా పట్టి ఉంచేది బ్యాటరీ ఒక్కటే. అది లేకపోతే వోల్టేజి ఎక్కడికో పోతుంది, ముందు బల్బులు, తర్వాత ఫీల్డ్ కాయిల్ కాలిపోతాయి. బ్యాటరీ లేకుండా ఇంజిన్ నడపాల్సి వస్తే జనరేటర్ టెర్మినల్‌ని తీగతో ఇంజిన్‌కి ఎర్త్ చేయమని ఫోర్డ్ మాన్యువల్లోనే రాశారు. వినడానికి షార్ట్ చేయమన్నట్టు ఉంటుంది గానీ అలా చేస్తే ఫీల్డ్ పుట్టదు, డైనమో చల్లగా ఉత్తినే తిరుగుతుంది.

ఇప్పుడు వేడి లెక్కకి వద్దాం, అసలు సంగతి అక్కడే ఉంది.

పది ఆంపియర్లు, ఏడున్నర వోల్టులు అంటే 75 వాట్లు బయటికి వస్తున్నాయి. ఇంత చిన్న డైనమోల సామర్థ్యం సగం కంటే కాస్త ఎక్కువ, 55 శాతం అనుకుంటే లోపల 60 వాట్ల దాకా వేడిగా మిగిలిపోతోంది. పది సెంటీమీటర్ల లావు, ఇరవై సెంటీమీటర్ల పొడవున్న ఇనుప డబ్బా అనుకోండి, దాని పైభాగమంతా కలిపితే 780 చదరపు సెంటీమీటర్లు. గాలి కదలకుండా ఉంటే అలాంటి ఉపరితలం నుంచి ప్రతి డిగ్రీ తేడాకి సుమారు 0.8 వాటు చొప్పున వేడి పోతుంది. అంటే 60 వాట్లు పోవాలంటే డబ్బా చుట్టూ ఉన్న గాలి కంటే 75 డిగ్రీలు ఎక్కువ వేడెక్కాలి. ఇంజిన్ దగ్గర గాలే 35 డిగ్రీలు ఉంటే డబ్బా పైన 110 అన్నమాట, లోపలి తీగ ఇంకా ఎక్కువ. అప్పట్లో తీగలకి చుట్టింది నూలు దారం, మధ్యలో పెట్టింది కాగితం, పైన పూసింది వార్నిష్. ఆ రకం ఇన్సులేషన్‌కి 105 డిగ్రీలు దాటితే ఆయుష్షు తగ్గడం మొదలవుతుంది, పైన ప్రతి ఎనిమిది పది డిగ్రీలకీ సగానికి పడిపోతుంది. కారు కదులుతూ గాలి తగిలితే పరిస్థితి బాగుపడుతుంది, లేకపోతే పదే కష్టం.

ఇప్పుడు బ్రష్ జరిపి ఇరవై ఆంపియర్లు లాగండి. కరెంటు రెట్టింపైతే ఆర్మేచర్ తీగలో పుట్టే వేడి నాలుగు రెట్లు అవుతుంది, ఫీల్డ్‌లో వేడి కూడా పెరుగుతుంది. మొత్తం 60 వాట్లు కాస్తా 150 దాటుతుంది. అదే లెక్కలో డబ్బా వేడి గాలి కంటే 190 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. టంకం చినుకుల వరస ఎక్కడి నుంచి వచ్చిందో ఇక వేరే చెప్పక్కర్లేదు.

కారు కదిలితే గాలి తగిలి పరిస్థితి బాగుపడుతుందని అనుకోవడమూ మోడల్ టీ విషయంలో కొంచెం మొహమాటమే. దాని జనరేటర్ బెల్టుతో తిరగదు, ఇంజిన్ ముందు భాగంలో పక్కన బిగించి, లోపలి టైమింగ్ గేరు నుంచి నేరుగా తిప్పుతారు. అంటే అది వేడి ఇంజిన్‌కే అతుక్కుని ఉంది. పుల్లీ లేదు కాబట్టి పుల్లీ వెనక ఫ్యాన్ పెట్టే చోటు లేదు. తగిలే గాలి కూడా రేడియేటర్‌లోంచి వచ్చిన గాలే, అది అప్పటికే నీళ్ల వేడి మోసుకొచ్చింది. పైగా డబ్బా పూర్తిగా మూసి ఉంటుంది. అలా మూసినందుకు తయారీదారుల్ని తప్పుపట్టలేం, అప్పటి మట్టిరోడ్ల దుమ్ము, ఇంజిన్ నూనె కమ్యుటేటర్ మీద పడితే డైనమో పది రోజులు కూడా పనిచేయదు. దుమ్ము రాకుండా మూస్తే వేడి పోదు, వేడి పోవాలని తెరిస్తే దుమ్ము వస్తుంది. ఇరవై ఏళ్ల పాటు నలిగిన తగువు ఇదే.

మధ్యలో కొందరు ఈ తగువుని పక్కదారిన పరిష్కరించారు. రెమీ కంపెనీ తన మూడో బ్రష్ జనరేటర్లలో ఫీల్డ్ దారిలో ఒక చిన్న థర్మోస్టాట్ పెట్టింది. లోపల వేడి సుమారు 80 డిగ్రీలకి చేరగానే లోహపు పట్టీ వంగి కాంటాక్టు విడిపోయేది, ఫీల్డ్ కరెంటు ఒక రెసిస్టెన్సు గుండా పోవాల్సి వచ్చేది, ఉత్పత్తి తగ్గేది. చలికాలంలో, ఊళ్లో చిన్న చిన్న దూరాలు తిరిగేటప్పుడు డైనమో చల్లగా ఉంటుంది, అప్పుడు బ్యాటరీకి ఎక్కువ కావాలి, ఎక్కువే వస్తుంది. ఎండలో గంటల తరబడి నడిపితే డైనమో కాగుతుంది, బ్యాటరీ అప్పటికే నిండి ఉంటుంది, తక్కువే వస్తుంది. వేడినే కొలబద్దగా వాడుకున్న ఈ ఆలోచన చూస్తే ముచ్చటేస్తుంది. అయితే ఇది ఉత్పత్తిని పెంచలేదు, డైనమోని కాపాడింది అంతే.

నిజంగా పెంచింది గాలి. 1930లలో బెల్టు పుల్లీ వెనక ఒక రేకు ఫ్యాన్ బిగించి, రెండు చివరల మూతలకీ కిటికీలు పెట్టడం మామూలైంది. గాలి కమ్యుటేటర్ వైపు నుంచి లోపలికి వచ్చి, బ్రష్‌ల మీదుగా, ఫీల్డ్ కాయిల్స్ సందుల్లోంచి, ఆర్మేచర్ని రాసుకుంటూ పోయి పుల్లీ వైపు బయటపడుతుంది. ఇక్కడ తేడా ఏంటంటే, మూసిన డబ్బాలో వేడి ఆర్మేచర్ తీగ నుంచి ఇనుములోకి, ఇనుము నుంచి లోపలి గాలిలోకి, అక్కడి నుంచి డబ్బా గోడకి, చివరికి బయటి గాలికి పోవాలి. కిటికీలు పెట్టాక బయటి గాలే నేరుగా తీగ దగ్గరికి వస్తుంది. ఎంత గాలి కావాలో కూడా పెద్ద లెక్కేం కాదు. 200 వాట్ల వేడిని, గాలి 20 డిగ్రీలు మాత్రమే వేడెక్కేలా మోసుకుపోవాలంటే సెకనుకి ఎనిమిదిన్నర లీటర్ల గాలి చాలు. అరచేతి వెడల్పు రేకు ఫ్యాన్‌కి అది కష్టం కాదు. 1920లలో పది పన్నెండు ఆంపియర్ల దగ్గర కూర్చున్న 6 వోల్టుల డైనమో, 1940ల నాటికి పెద్దగా లావెక్కకుండానే 30, 35 ఆంపియర్లు ఇవ్వగలిగిందంటే దానిలో సింహభాగం ఈ ఫ్యాన్‌ది.

గాలి ఒక్కటే చేసిందని అంటే అబద్ధమవుతుంది. నూలు చుట్టిన తీగ పోయి ఎనామెల్ తీగ వచ్చింది, అది సన్నగా ఉంటుంది కాబట్టి అదే గాడిలో ఎక్కువ రాగి పడుతుంది. బ్రష్‌ల్లో రాగి పొడి కలిపారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ 6 వోల్టుల బండిలో చాలా పెద్దది. ఉత్త కార్బన్ బ్రష్ ఒక్కోటి దాదాపు ఒక వోల్టు తినేస్తుంది, రెండూ కలిసి రెండు వోల్టులు. బండిలో ఉన్నదే ఆరైతే మూడో వంతు బ్రష్‌ల దగ్గరే వేడిగా పోతే ఎలా?

ఫ్యాన్‌కి ఒక బలహీనత ఉంది, అది ఇంజిన్ వేగంతో పాటే తిరుగుతుంది. గాలి ఎక్కువ కావాల్సింది రాత్రిపూట ఊళ్లో మెల్లగా వెళ్తూ, లైట్లు, హీటర్, రేడియో అన్నీ వేసుకుని డైనమో ఒగరుస్తున్నప్పుడు, సరిగ్గా అప్పుడే ఫ్యాన్ మెల్లగా తిరుగుతుంది. చిన్న పుల్లీ పెట్టి డైనమోని వేగంగా తిప్పుదామంటే, హైవే మీద ఆర్మేచర్ తీగలు గాడుల్లోంచి బయటికి ఎగిరిపోయే భయం, బ్రష్‌లు కమ్యుటేటర్ మీద ఎగిరెగిరిపడే గొడవ. అందుకే ఐడిల్‌లో ఛార్జింగ్ లైటు వెలగడం డైనమో బండ్లకి రోగం కాదు, పుట్టుక.

ఉత్పత్తి పెరిగేసరికి మూడో బ్రష్ పనికిరాకుండా పోయింది. కారులో రేడియో వచ్చింది (మోటరోలా పేరుతో గాల్విన్ కంపెనీ తెచ్చింది 1930లో), రోడ్లు బాగుపడ్డాయి, వేగాలు పెరిగాయి. మూడో బ్రష్ డైనమో గంటకి 25 మైళ్ల చుట్టుపక్కల అత్యధికంగా ఇచ్చి, ఆ పైన వేగం పెంచేకొద్దీ తగ్గుతూ పోతుంది. రాత్రిపూట వేగంగా దూరం వెళ్లేవాడికి కావాల్సింది దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. దాంతో రెండు బ్రష్‌ల డైనమో మళ్లీ వచ్చింది, ఫీల్డ్‌ని అదుపు చేసే పని సెకనుకి పదుల సార్లు కొట్టుకునే కాంటాక్టులున్న రెగ్యులేటర్‌కి అప్పజెప్పారు. ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది దీన్ని గమనించరు. మూడో బ్రష్ ఎంత వెర్రిదైనా, డైనమో తన శక్తికి మించి ఇవ్వకుండా అదే కాపాడేది. వోల్టేజి ఒక్కటే చూసే రెగ్యులేటర్‌కి ఆ జాలి ఉండదు. బ్యాటరీ పూర్తిగా డౌన్ అయి ఉంటే వోల్టేజి పెరగదు, 'ఇంకా ఇవ్వు, ఇంకా ఇవ్వు' అని ఫీల్డ్‌ని పూర్తిగా తెరిచి ఉంచుతుంది, డైనమో కాలేదాకా ఆపదు. అందుకే వోల్టేజితో పాటు కరెంటుని కూడా చూసే రెగ్యులేటర్ అవసరమైంది. ఇంగ్లండ్‌లో లూకాస్ కంపెనీ ఆర్‌బీ 106 అనే రెగ్యులేటర్ పెట్టెలో వోల్టేజి చుట్ట మీదే కరెంటు పోయే కొన్ని మందపాటి చుట్లు వేసి సర్దుకున్నారు, తర్వాత వచ్చిన ఆర్‌బీ 340లో కరెంటు కోసం విడిగా ఒక చుట్ట పెట్టారు.

ఈ లూకాస్ సరుకు మనకి కొత్తది కాదు. అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన బండి, మొదట్లో దానిలో ఉన్నది డైనమోనే. 1961లో చెన్నైలో లూకాస్ టీవీఎస్ మొదలైంది. మన దగ్గర పాత ఆటో ఎలక్ట్రీషియన్లు ఇప్పటికీ రెగ్యులేటర్ పెట్టెని కటౌట్ అనే అంటారు. కటౌట్ అంటే సినిమా హాలు ముందు దండలేసే హీరో బొమ్మ గుర్తొస్తుంది గానీ ఇది వేరు, ఇంజిన్ ఆగినప్పుడు బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకి పారకుండా కోసేసే రిలే. ఆ పెట్టెలో అదీ ఒక భాగం కాబట్టి పెట్టె మొత్తానికీ ఆ పేరు స్థిరపడిపోయింది. లూకాస్ సీ 39 డైనమో 19 ఆంపియర్లు, సీ 40 మోడల్ 22 ఆంపియర్లు ఇస్తాయి, 12 వోల్టుల దగ్గర. ఆ రేటింగు మన మే నెల 45 డిగ్రీలని చూసి వేసింది కాదు. బయటి గాలి ఎన్ని డిగ్రీలు ఎక్కువైతే లోపలి తీగ దాదాపు అన్ని డిగ్రీలు ఎక్కువ కాగుతుంది, ఇంగ్లండ్ ఎండకి మిగిలే వెసులుబాటు ఇక్కడ ఉండదు. కాబట్టి ఇలాంటి డైనమో మీద అదనపు ఫాగ్ లైట్లు, గట్టి హారన్లు పెట్టి, గాలి కిటికీల్లో జిడ్డు మట్టి పేరుకోనిస్తే ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు.

డైనమోని గాలిలో పెట్టడంలో అందరికంటే ముందుకెళ్లింది ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. అందులో ఇంజిన్‌ని చల్లబరిచే పెద్ద ఫ్యాన్‌ని నేరుగా జనరేటర్ ఇరుసుకే బిగించారు. ఇంజిన్ కోసం లాగే గాలిలో కొంత జనరేటర్‌లోంచి పోతుంది. ఇంత చేసినా 1950లు దాటేసరికి డైనమో పని అయిపోయిందని అందరికీ తెలిసింది, ఎందుకంటే దాని రోగం గాలిలో లేదు, నిర్మాణంలో ఉంది. ఎక్కువ వేడి పుట్టే లావు తీగలు తిరిగే ఆర్మేచర్‌లో, డబ్బా నడిమధ్యన ఉన్నాయి. ఆల్టర్నేటర్ (ఏసీ కరెంటు పుట్టించి డయోడ్లతో డీసీగా మార్చే జనరేటర్) దాన్ని తిరగేసింది. లావు తీగలు బయట, కదలకుండా, బాడీకి ఆనుకుని ఉంటాయి, లోపల తిరిగే ఫీల్డ్‌కి రెండు మూడు ఆంపియర్లు చాలు. కమ్యుటేటర్ లేదు కాబట్టి వేగంగా తిప్పొచ్చు, ఫ్యాన్ కూడా ఐడిల్‌లోనే గట్టిగా తిరుగుతుంది. పోలీసు కార్లకి, అంబులెన్సులకి లీస్ నెవిల్ కంపెనీ ముందే ఇలాంటివి ఇచ్చేది, సిలికాన్ డయోడ్లు చవకయ్యాక క్రైస్లర్ 1960 వేలియంట్‌లో మామూలు జనానికి తెచ్చింది.

ఇక ఇప్పుడు మోడల్ టీని నడిపేవాళ్లు ఏం చేస్తున్నారంటే, ఉత్పత్తి పెంచడం మానేశారు. హెడ్‌లైట్లకీ వెనక దీపాలకీ ఎల్ఈడీ బల్బులు వేసి, మూడో బ్రష్‌ని వెనక్కి జరిపి ఐదారు ఆంపియర్లకి సర్దుతున్నారు, పాత కటౌట్ డబ్బా లోపల కాంటాక్టుల బదులు డయోడ్ పెడుతున్నారు, కొందరైతే అదే డబ్బాలో ఒక చిన్న ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ దాచి బ్యాటరీ నిండగానే ఛార్జింగ్ తగ్గేలా చేస్తున్నారు. కరెంటు సగమైతే తీగల్లో వేడి పావు వంతుకి పడిపోతుంది. లేత్ మీద కమ్యుటేటర్ నున్నగా తీసి, పలకల మధ్య మైకాని విరిగిన హ్యాక్సా బ్లేడు ముక్కతో గీరి కిందికి దించి, కొత్త బ్రష్‌లు కూర్చోబెట్టి, గంటసేపు నడిపాక డబ్బా మీద చెయ్యి పెట్టి చూస్తారు. చెయ్యి ఆనించి ఉంచగలిగితే బ్రష్ అక్కడే వదిలేస్తారు, లేకపోతే ఇంకో వెంట్రుకవాసి వెనక్కి జరుపుతారు.